జడ్జమ్మ ముక్కు

పాలకేంద్రంలో ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. లారీ డ్రైవర్ల దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ ఆవిడ జడ్జమ్మే. పొద్దున్నే పాలు దించే అరుగు మీద నిలబడి, వచ్చిన ప్రతి క్యానుకీ మూత తీసి, ఆ మూత లోపలివైపు ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి పీల్చేది. మంచి పాలైతే క్యాను మీద అరచేత్తో ఒక చరుపు చరిచేది. కాకపోతే చూపుడువేలు పక్కకి తిప్పేది. తీర్పు అయిపోయినట్టే, ఇక అప్పీలు లేదు. పులుపు తిరగబోతున్న పాలే కాదు, తుప్పు క్యానులో పోసినవీ, ఉల్లికాడలు మేసిన ఆవు పాలూ ఆ ముక్కుకి దొరికిపోయేవి.

అలాంటి మనిషి పదిహేనేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి ఒక లారీడు పులిసిన పాలని చరిచి లోపలికి పంపింది. మధ్యాహ్నం కాగబెట్టేసరికి ట్యాంకు ట్యాంకంతా విరిగిపోయింది. అందరూ లారీని తిట్టారు, ఎండని తిట్టారు, కాగబెట్టే యంత్రాన్ని విప్పి చూశారు. ఆవిడని మాత్రం ఒక్కరూ అనుమానించలేదు. ఆవిడకి అదే ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే ఆరు నెలలుగా తనకి ఏ వాసనా తెలియడం లేదన్న సంగతి ఆవిడ ఒక్కదానికే తెలుసు. డ్రైవర్ల మొహాలు చూసి, పాల మీది నురగ చూసి, చుక్క నాలిక మీద వేసుకుని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది.

చేతులు కడుక్కుని నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళింది.

"సార్, ఆ పాలు లోపలికి పంపింది నేనే. నా ముక్కు పనిచెయ్యట్లేదు. ఆర్నెల్లయింది."

మేనేజరు కళ్ళజోడు తీశాడు. "జలుబేమోనమ్మా. రెండ్రోజులు సెలవు పెట్టి చూడు."

"జలుబు కాదు సార్. తెలిసీ దాచాను, తప్పు నాదే. నన్ను అరుగు మీంచి తీసెయ్యండి. కానీ నేను మళ్ళీ వస్తాను, అది మాత్రం గుర్తుంచుకోండి."

ఆయన అయిష్టంగానే తలూపాడు. మర్నాటి నుంచి ఆవిడ క్యాన్లు కడిగే విభాగంలో, వేడినీళ్ళ ఆవిరిలో నిలబడింది. అరుగు పని ల్యాబ్ వాళ్ళు చూసుకున్నారు. క్యాన్ల వరస బయట గేటు దాకా పెరిగింది.

ఆవిడ జబ్బు కొత్తది కాదు. రెండేళ్ళ క్రితం ముక్కులో రెండు వైపులా తెల్ల ద్రాక్షపళ్ళలాంటి కండలు పెరిగితే ఆపరేషన్ చేసి తీశారు. ఏడాది తిరక్కుండా మళ్ళీ పెరిగాయి. ఈలోగా ఆయాసం పట్టుకుంది. ముక్కు డాక్టరు ముక్కు వరకే చూశాడు, ఆయాసం డాక్టరు ఆయాసం వరకే చూశాడు. ఈ రెంటికీ ఏదో చుట్టరికం ఉందేమోనని అడిగినవాళ్ళు లేరు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడకి పన్ను పోటు మొదలైంది. చెంప చేత్తో అదిమి పట్టుకుని కూర్చుంటే చూడలేక, దర్జీ పని చేసే భర్త కుడుతున్న చొక్కా మిషను మీదే వదిలేసి, వీధి మలుపులోని దుకాణం నుంచి నొప్పి మాత్ర తెచ్చిచ్చాడు. వేసుకుంది. అరగంట కాలేదు, మొహం కందగడ్డలా ఎర్రబడింది. ముక్కూ కళ్ళూ ధారలు కట్టాయి. తర్వాత ఊపిరి లోపలికి పోనంటూ మొరాయించింది. భర్త ఆవిడ వీపు నిమురుతూ ఉండిపోయాడు. అత్తగారే చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తి, పోతున్న కారుకి అడ్డంగా నిలబడింది.

ప్రాణం దక్కింది. మర్నాడు వార్డులోకి ఊపిరితిత్తుల డాక్టరమ్మ వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. కాగితాలు తిరగేసి, "నిన్న దీనికి ముందు ఏం తిన్నావు? ఏం మింగావు?" అని అడిగింది.

జడ్జమ్మ జవాబు చెప్పేలోపలే అత్తగారు అందుకుంది. "పంటి నొప్పికి మాత్ర వేసుకుందమ్మా. వేసవిలో నడుం పట్టేసినప్పుడూ ఒకటి వేసుకుంది. ఆ రోజూ ఇంతే, కాకపోతే ఇంత ఎక్కువ కాదు. అంతకుముందు తలనొప్పికి వేసుకున్నప్పుడు రాత్రంతా కూర్చునే ఉంది. నేను అనుకుంటూనే ఉన్నా, ముసలిదాని మాట ఎవరు వింటారులే అని ఊరుకున్నా."

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీలాంటివాళ్ళు ఇంటికొకరుంటే మా పని సగం తగ్గుతుంది," అంది. తర్వాత జడ్జమ్మ వైపు తిరిగింది. "ముక్కులో కండలు, ఆయాసం, నొప్పి మాత్ర పడకపోవడం. ఇవి మూడు జబ్బులు కావు. ఒకటే."

"అదెలాగండీ?"

"హార్మోన్లంటే విన్నావుగా. ఒక గ్రంథిలో పుట్టి, రక్తంలో ప్రయాణం చేసి, ఎక్కడో దూరాన పని చేస్తాయి. అలా ఊళ్ళు తిరగని రకం ఇంకొకటి ఉంది. పుట్టిన చోటే పని చేసి, నిమిషాల్లో అక్కడే మాయమైపోతాయి. ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ ఉండే పొర కొవ్వుతో చేసిందే. దెబ్బ తగిలినా, క్రిమి దూరినా, ఆ పొరలోంచి ఒక కొవ్వు ఆమ్లం ఊడివస్తుంది. దాంతోనే వీటిని అప్పటికప్పుడు తయారు చేసుకుంటుంది ఒళ్ళు."

"మా దగ్గర పాలల్లాగ," అంది జడ్జమ్మ. ఊపిరి ఇంకా పూర్తిగా అందకపోయినా ఆవిడ బుర్ర పనిచేస్తోంది. "వచ్చేవి ఒకటే పాలు. ఒక గొట్టంలోకి పోతే వెన్న, ఇంకో గొట్టంలోకి పోతే పొడి."

డాక్టరమ్మ మొహం విప్పారింది. "అదే. ఇక్కడా రెండు గొట్టాలు. మొదటి దాంట్లో ప్రోస్టాగ్లాండిన్లు తయారవుతాయి. నొప్పి, జ్వరం, వాపు వాటి పనే. కడుపు లోపలి పూతని కాపాడేదీ, కాన్పులో నొప్పులు తెప్పించేదీ కూడా అవే. రెండో గొట్టంలో ల్యూకోట్రయీన్లు. అవి ఊపిరి గొట్టాలని బిగిస్తాయి, ముక్కు లోపలి పొరని ఉబ్బిస్తాయి. నొప్పి మాత్ర చేసేదేమిటంటే, మొదటి గొట్టం కట్టేస్తుంది."

"అప్పుడు సరుకంతా రెండోదాని మీద పడుతుంది!"

"సుమారుగా అంతే. అసలు సంగతి ఇంకోటి ఉంది. మొదటి గొట్టంలో తయారయ్యేవాటిలో ఒకటి, రెండోదానికి కళ్ళెం వేసి పట్టుకుని ఉంటుంది. మామూలు మనుషులకి ఆ కళ్ళెం తీసినా ఏమీ కాదు. నీలో రెండో గొట్టం ముందే పొంగుతోంది. మాత్రతో కళ్ళెం తెగింది."

అత్తగారు నోరు తెరుచుకుని వింటోంది. "పేర్లకి నోరు తిరగదు గానీ, కథ తెలిసింది," అంది.

"వాసన తిరిగొస్తుందా?" అడిగింది జడ్జమ్మ.

డాక్టరమ్మ ముందు రెండో గొట్టానికి అడ్డుపడే మాత్ర రోజూ వేసుకోవాలంది, ముక్కులో కొట్టుకునే మందు వాడాలంది. ఆయాసం అదుపులోకొచ్చాక కండలు మళ్ళీ తీయించాలంది. "అంతవరకే చేస్తే అవి మళ్ళీ పెరిగే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత ఇంకొక దారి ఉంది. నీకు పడని మందే, ఆస్పిరిన్, నలుసంత నుంచి మొదలుపెట్టి, మా కళ్ళ ముందు పెంచుకుంటూ పోతాం. ఒకసారి ఒళ్ళు ఊరుకుందంటే, ఇక రోజూ వేసుకోవాలి. రెండు రోజులు మానేస్తే మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది. ఎందుకు పనిచేస్తుందో మాకూ పూర్తిగా తెలీదు. చాలామందికి పనిచేస్తుంది. అందరికీ కాదు."

"చేయించుకుంటాను," అంది జడ్జమ్మ.

ఇంటికొచ్చాక భర్త పెద్ద గొడవే పెట్టుకున్నాడు. "చంపబోయిన మందుని చేజేతులా మింగుతావా? ముక్కు లేకపోతే ఏం, క్యాన్లు కడుగుతున్నావుగా! మనిషివి మిగిలావు, అది చాలదా?"

"కడుగుతున్నాను. బతికినన్నాళ్ళూ కడగమంటే కడుగుతాను. కానీ ప్రయత్నం చెయ్యకుండా మాత్రం కడగను."

ఆయన తల్లి వైపు చూశాడు, నువ్వైనా చెప్పమన్నట్టు. ఆవిడ తన మందుల డబ్బా తీసి ఒక చిన్న బిళ్ళ అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. "నా గుండెకి రోజూ వేసుకునేది ఇదే కదరా, ఆస్పిరిన్. నెత్తురు గడ్డ కట్టకుండా. ఇదీ ఆ మొదటి గొట్టం పనేనట, డాక్టరమ్మని అడిగా. నాలో మంచి చేసేది దానిలో చెడు చేస్తోందంటే, ఆ చెడుని లొంగదీసుకోవడానికీ మార్గం ఉండే ఉంటుంది. పోనీయ్. నేను తోడుంటా."

నాలుగు నెలలు పట్టింది ఆ రోజు రావడానికి. ఆయాసం అదుపులోకొచ్చింది, కండలు తీశారు, పుండ్లు మానాయి. ఒక సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి ఆసుపత్రిలో, చేతికి సూది పెట్టి, పక్కన ఆక్సిజన్ సిద్ధం చేసి, మొదటి మోతాదు ఇచ్చారు. అత్తగారు వేసుకునే బిళ్ళలో సగం. నర్సు ప్రతి అరగంటకీ ఊపిరి బలం కొలిచే గొట్టంలోకి ఊదించి అంకె రాసుకుంది. ఏమీ కాలేదు. పన్నెండింటికి రెండోది. ఏమీ కాలేదు. మూడింటికి మూడోది.

నాలుగు కొట్టేసరికి ముక్కు మూసుకుపోయింది. కళ్ళు మండాయి. ఛాతీ మీద ఎవరో మోకాలు ఆనించినట్టయింది. నర్సు మందు పొగ వచ్చే మాస్కు మూతికి తగిలించింది. డాక్టరమ్మ పరుగున వచ్చి మంచం పక్కన నిలబడి అంకెలు చూస్తూ ఉండిపోయింది. భర్త గోడకి అతుక్కుపోయాడు. గంటన్నరకి బిగువు సడలింది.

"ఇది వస్తుందని అనుకున్నదే," అంది డాక్టరమ్మ. "ఇక్కడ ఆపొచ్చు. తప్పేం లేదు. లేదా రేపు పొద్దున్న మళ్ళీ ఇదే మోతాదు ఇస్తాం. నువ్వే చెప్పు."

జడ్జమ్మకి భయం వేసింది. ఆ ఆదివారం మధ్యాహ్నం కళ్ళ ముందు ఆడింది. మూతికున్న మాస్కు పక్కకి లాగి, "అదే ఇవ్వండి," అంది.

మంగళవారం అదే మోతాదు ఇస్తే ముక్కు కాస్త చిమచిమలాడి ఊరుకుంది. ఆ పైది ఇస్తే అదీ లేదు. బుధవారం మధ్యాహ్నం నిండు మాత్ర మింగి, మూడు గంటలు కూర్చుని, లేచి తన కాళ్ళ మీద తాను బయటికి నడిచింది. కడుపు పూతని కాపాడేందుకు ఇంకో మాత్ర కూడా రాసిచ్చారు.

వాసన వెంటనే రాలేదు. ఆవిడ రోజూ పని అయ్యాక నాలుగు క్యాన్ల మూతలు తెచ్చుకుని, కళ్ళు మూసుకుని ఒకదాని తర్వాత ఒకటి పీల్చేది. ఏడో వారంలో ఒక సాయంత్రం భర్త మిషనుకి నూనె పోస్తుంటే, వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"నూనె," అంది.

"ఆఁ, నూనే. పోస్తున్నా, కనిపించట్లేదా?"

"కనిపించడం కాదు. వాసనొచ్చింది."

ఆయన నూనె డబ్బా కింద పెట్టేసి ఆవిడ మొహంలోకి చూశాడు. డబ్బా మళ్ళీ తీసి ఆవిడ ముక్కు కింద పట్టాడు. ఆవిడ నవ్వుతూనే ఏడ్చింది.

మరో రెండు నెలలకి ఆవిడే మేనేజరుని పరీక్ష పెట్టమంది. పది క్యాన్లు, గుర్తులు చెరిపేసి. ఏడింటికి సరిగ్గా చెప్పింది, మూడు తప్పింది. మేనేజరు సంబరపడి, "చాలమ్మా, రేపే అరుగెక్కు," అన్నాడు.

"ఏడు చాలవు సార్. ఆ మూడే ట్యాంకుని విరిచేస్తాయి. వచ్చే నెల మళ్ళీ పెట్టండి."

వచ్చే నెల తొమ్మిది వచ్చాయి. ఆ పై నెల పదికి పది. అప్పుడు కూడా ఆవిడ ఒక షరతు పెట్టింది. "నా ముక్కు ఒక్కదాని మీదే వదిలెయ్యకండి. ప్రతి లారీలోంచీ రెండు క్యాన్లు ల్యాబ్‌కి కూడా పోవాలి. నేను చరిచినవి కూడా."

"నీ తీర్పు మీద అప్పీలా?" నవ్వాడు మేనేజరు.

"అవును సార్. ఉండాలి."

మర్నాడు పొద్దున్న మొదటి లారీ డ్రైవరు అరుగు మీద ఆవిడని చూసి కిందికి దూకి దండం పెట్టాడు. ఆవిడ తల ఊపి మొదటి మూత తీసింది. పీల్చింది. రెండోసారి పీల్చింది. వేలు పక్కకి తిప్పింది.

"అయ్యో జడ్జమ్మా, రాగానే నా పాలేనా!"

"పక్కన దించు ముందు," అంటూ ఆవిడ రెండో మూత అందుకుంది.