నేను నడిపితేనే కుదుపు

"వెళ్ళి నువ్వే చెప్పుకో. నీకే కదా అది జర్కులిస్తోంది," అన్నాడు మా ఆయన హేమచంద్ర, దోసె మీద పచ్చడి వేసుకుంటూ. నేను ఇంకోటి తిరగేస్తున్నాను. ఆ కారు కొన్నది ఆయన. రంగు ఎంచింది ఆయన. ఎర్రటి స్పోర్ట్స్ కారు పక్కన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఫోటో దిగి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది కూడా ఆయనే. సర్వీసుకి తీసుకెళ్ళి, వాళ్ళిచ్చే చల్లారిన కాఫీ తాగుతూ కూర్చోవాల్సింది మాత్రం నేను. ఎందుకంటే నాది వర్క్ ఫ్రమ్ హోమ్. ఇంట్లో ఉండి ఉద్యోగం చెయ్యడమంటే ఖాళీగా ఉండడమని మా ఇంట్లో అందరి గట్టి నమ్మకం.

ఆ కారు జబ్బేమిటో చెప్తాను. పేరుకి ఆటోమేటిక్, గేర్లు అదే మార్చుకోవాలి. మెల్లగా పోతున్నప్పుడు రెండో గేరు నుంచి మూడో గేరుకి మారాల్సిన చోట తెల్లమొహం వేస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినా కదలదు. ఆ తర్వాత వెనకనించి ఎవరో తన్నినట్టు ముందుకి దూకుతుంది. స్పీడుగా పోతే మాత్రం బుద్ధిమంతురాలు. ఆయన వారమంతా మెట్రోలో ఆఫీసుకెళ్ళి, ఆదివారం పొద్దున్నే మోటార్‌వే మీద ఓ చక్కరు కొట్టొస్తాడు. ఇక్కడ మేముండే పేట ద పాండ్స్‌లో అడుగడుక్కీ వచ్చే రౌండబౌట్లూ, స్కూలు ముందు ఆగి ఆగి పోవడాలూ, అత్తయ్యని డాక్టరు దగ్గరికి తిప్పడాలూ నావి. నాకూ ఓ చిన్న కారుండేది. "ఇంటికి రెండు దండగ" అని దాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాడు. దండగయింది నాదే ఎందుకయిందో అప్పుడు నేనూ అడగలేదు.

పోయిన వారం స్కూలు నించి వస్తూ, ఖాళీ చూసుకునే రౌండబౌట్‌లోకి దిగాను. సరిగ్గా మధ్యలో కారు చచ్చినదానిలా ఆగిపోయింది. కుడివైపు నించి ఓ యూట్, పెద్ద బండి, హారన్ కొడుతూ మీదికొచ్చేస్తోంది. తొక్కుతున్నాను, తొక్కుతున్నాను, కదిలితేనా! చివరికి ఒక్క దూకు దూకింది. యూట్ జానెడు దూరంలో తప్పింది. వెనక సీట్లో నా కూతురు చైత్ర, ఆరేళ్ళది, ఏడవడం కూడా మర్చిపోయి, "మమ్మీ, ఆర్ వీ గోయింగ్ టు డై?" అని అడిగింది. ఇంటికొచ్చి చెప్తే ఆయన ల్యాప్‌టాప్ లోంచి తలెత్తకుండా, "కాలు మెల్లగా వెయ్యాలి భానూ. అది నీ పాత డబ్బా కాదు" అన్నాడు. పిల్ల ఎలా ఉందని అడగలేదు. ఆ రోజే అనుకున్నాను, ఏమైనా సరే చైత్రని మళ్ళీ దాంట్లో ఎక్కించనని. అప్పట్నించీ నడిపించే తీసుకెళ్తున్నాను, వానొచ్చినా.

అత్తయ్య శేషుకుమారి గారికి ఇంకో అనుమానం. "గుళ్ళో నిమ్మకాయలు తొక్కించిన నాడు నువ్వు దూరంగా ఉండాల్సిన రోజేమోనే? ఆ రోజుల్లో స్టీరింగు ముట్టుకుంటే ఇలాగే ఏడుస్తుంది" అంది. ఆ రోజుల్లో నేను ముట్టుకోకపోతే మీ బీపీ మాత్రలు ఎవరు తెస్తారత్తయ్యా అని నోటిదాకా వచ్చింది. మింగాను. పదేళ్ళుగా మింగుతూనే ఉన్నాను, అయినా ఎప్పటికప్పుడు గొంతులో అడ్డం పడుతూనే ఉంటుంది.

నిజానికి నా ఉద్యోగమే తప్పులు పట్టడం. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. అక్కడా ఇదే గోల. బగ్ ఉందని చెప్తే కౌశల్ అనే డెవలపర్ "నా దగ్గర బాగానే పనిచేస్తోందే!" అంటాడు. కానీ అక్కడ నేను వదలను. ఆఫీసుకెళ్ళిన రోజు అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, అతని కళ్ళ ముందే పాడుచేసి చూపిస్తాను. ఇంట్లో మాత్రం, తప్పు పడితే ఆ తప్పు నాదే అయి కూర్చుంటుంది.

ఇక శనివారం గిరావీన్‌లో, మా ఆయన స్నేహితుడు దీపక్ వాళ్ళింట్లో బార్బీ, అదే బార్బెక్యూ విందు. చైత్రని అత్తయ్య దగ్గరే వదిలి వెళ్ళాను. మగాళ్ళంతా ఎర్ర కారు చుట్టూ మూగారు. "కారు బ్రహ్మాండం బ్రో, డ్రైవర్‌తోనే ప్రాబ్లమ్" అని మా ఆయన నావైపు చూపించాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గు లేకుండా. ఆ నవ్వు చూసి ఊపొచ్చిందేమో, "మొన్న ఫస్ట్ టైమ్ సర్వీసుకి పంపినప్పుడు ముందే ఆ సర్వీసు సెంటర్ వాడికి ఫోన్ చేసి చెప్పా. కార్‌లో ఏం లేదు, మా ఆవిడకి కాస్త డ్రైవింగ్ నేర్పించి పంపించు అని" అన్నాడు.

ఓహో, అదా సంగతి! అందుకా ఆ రోజు ఆ సర్వీసు కుర్రాడు కారుని కన్నెత్తి చూడకుండా, "పెడల్ మీద కాలు జెంటిల్‌గా వెయ్యాలి, లవ్" అని, ఇక్కడ ఆడవాళ్ళని పిలిచే తీరులో పిలిచి మరీ, నాకు కాలు పెట్టడం నేర్పాడు! ఈ దేశంలో నా కష్టం మీద లైసెన్సు తెచ్చుకుని ఏళ్ళ తరబడి తోలుతున్న మనిషిని. థాంక్స్ కూడా చెప్పొచ్చాను వాడికి. తల్చుకుంటే ఒళ్ళు మండిపోయింది.

అందుకే ఇవాళ దోసెలయ్యాక నేను మాట్లాడకుండా తాళాలు తీసుకున్నాను. సర్వీసు సెంటర్లో అదే కుర్రాడు. "నేను డ్రైవ్ చేస్తాను, నువ్వు పక్కన కూర్చో" అన్నాను, ఆఫీసులో కౌశల్‌తో అన్నట్టే. కాఫీ కప్పు పట్టుకుని నవ్వుకుంటూ ఎక్కాడు. ట్రాఫిక్‌లో ఆగుతూ ఆగుతూ తీసుకెళ్ళాను. జెంటిల్‌గానే తొక్కాను, వాడు నేర్పినట్టే. కారు తెల్లమొహం వేసింది, వెనక లారీ హారన్ మోగించింది, ఆ మీదట కారు దూకింది. కాఫీ మొత్తం వాడి చొక్కా మీదే. "జీసస్!" అన్నాడు. మళ్ళీ నవ్వలేదు.

మేనేజరొచ్చాడు. ఇంకోసారి తనే నడిపి చూసుకుని, గేర్‌బాక్స్‌లోనే పెద్ద లోపముందని ఒప్పుకున్నాడు. "ఇది ప్రమాదకరం. రిపేరా, వేరే కారా, రిఫండా, ఓనరు ఏది కోరితే అది. మీ హస్బెండ్‌ని కనుక్కుంటాం" అంటూ కంప్యూటర్లో ఓనరు పేరు చూసి ఆగాడు. "భానుశ్రీ అంటే?"

నేనే. కారు నా పేరు మీదే ఉందని నాకే గుర్తు లేదు. ఆయనకి ఏలినాటి శని నడుస్తోంది, వాహనం ఆయన పేరు మీద కొంటే ప్రాణగండం, భార్య పేరున కొనండని తెనాలి సిద్ధాంతిగారు వాట్సాప్‌లో చెప్పారు. అత్తయ్య పట్టుబట్టింది. "పేరే కదా, పెట్టేద్దాం" అని మా ఆయన నవ్వేశాడు. గండమేదో ఉంటే నాకుండాలని వాళ్ళెవరూ పైకి అనలేదు.

ఆయనకి ఫోన్ చేసి విషయం చెప్పాను. సారీ అంటాడేమోనని చెవొగ్గాను, పిచ్చిదాన్ని. "నేను ముందే అనుకున్నా, బాక్స్‌లో ఏదో ఉందని. రిపేర్ చెయ్యమను. దీపక్ వాళ్ళతో లాంగ్ డ్రైవ్ ఉంది. నీకివన్నీ తెలీవు, ఫోన్ వాడికివ్వు" అన్నాడు. మేనేజరు అప్పటికే చెయ్యి చాపాడు.

నేను ఇవ్వలేదు. "దీన్ని వెనక్కి తీసేసుకోండి. నాకొద్దు. రిఫండ్ చెయ్యండి" అని మేనేజరుతో చెప్పాను. ఫోన్లోంచి వినపడ్డట్టుంది. "భానూ! ఏం మాట్లాడుతున్నావ్? నా కారు వద్దనడానికి అసలు నువ్వెవరు?" అని అరిచాడు.

"ఓనర్నండీ," అన్నాను.