వదులుగా పట్టుకున్న పలుపు

నేను ఒక పలుపుని. పశువు మెడకు కట్టే నారతాడుని. పొద్దుటి నుంచి ఒక అత్తా ఒక కోడలూ నా గురించే వాదించుకుంటున్నారు. నా ఒక కొస మాణిక్యమ్మగారి చేతిలో ఉంది, రెండో కొస ఆవిడ కోడలు హైమ చేతిలో ఉంది.

"పాడిగేదెని కట్టిన పలుపమ్మా ఇది! తీసుకెళ్ళి కుక్క మెడకి కడతానంటావేంటి?"

"గేదె పోయి ఎన్నేళ్ళయిందత్తయ్యా? గొలుసు చూత్తే తెగిపోయింది. బజారు తాడు వాడు లాగితే చేతులు కోసేత్తంది. ఇదైతే మెత్తగా ఉంది."

"మెత్తగా ఉందని పట్టుచీరతో గిన్నెలు తోముకుంటావా?"

"నానమ్మా, గేదె వచ్చి అడగదులే," అంది గుమ్మంలో జడ వేసుకుంటున్న మనవరాలు లహరి.

"నువ్వూరుకోవే! ఆ గేదె పాలు తాగుంటే నీకూ దాని విలువ తెలిసేది."

ఎవరి మాట న్యాయమో నేను చెప్పలేను. మాణిక్యమ్మగారి భర్త ఒక వానాకాలంలో అరుగు మీద కూర్చుని, గోగునార తొడ మీద వేసుకుని నన్ను పేనారు. పేని, ఒక నల్ల గేదె మెడలో వేశారు. అది ఎంత నెమ్మదైన గేదె అంటే, నాకు బలం ఉందో లేదో తెలిసే అవకాశమే రాలేదు. ఆయన పోయాక గేదెను అమ్మారు. కొన్నవాడు నాతో సహా తోలుకుపోబోతుంటే మాణిక్యమ్మగారు పరుగున వచ్చి నన్ను విప్పేశారు. గేదెను అమ్మినా పలుపు ఇవ్వకూడదట. ఇస్తే ఇంట్లో పాడి కూడా దాని వెనకే వెళ్ళిపోతుందట. ఆ తర్వాత వాళ్ళు భీమవరం వచ్చేశారు. పాలు పాకెట్లలో రావడం మొదలైంది. పాడిని నిలబెట్టిన గౌరవంతో నేను అటక మీద పాత పరుపులను కట్టిపెట్టి ఉంచాను. మనుషులు దేన్ని ఎందుకు దాచుకుంటారో దాచిన వస్తువుకు కూడా తెలియదు.

ఇప్పుడు నన్ను దింపడానికి కారణం సుల్తాన్. హైమ భర్త ప్రకాశరావు వాణ్ణి పిల్లగా ఉన్నప్పుడు చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. ఆ పిల్ల పెరిగి దూడంత అయింది. ఇంట్లో పిల్లి తోక తగిలినా తప్పుకునే సుల్తాన్, వీధిలో ఇంకో కుక్క కనిపిస్తే చాలు, వెనక కాళ్ళ మీద లేచి ఊరంతా వినపడేలా అరుస్తాడు. ప్రకాశరావు రెండు చేతులా గొలుసు లాగుతూ వాడికంటే గట్టిగా అరుస్తాడు. మొన్న డేవిడ్ మాస్టారు తన బుజ్జికుక్క పింకీతో ఎదురొచ్చినప్పుడు గొలుసు తెగింది. సుల్తాన్ తోపుకి మాస్టారు పడి మోచెయ్యి గీరుకుపోయింది. ప్రకాశరావేమో టీకొట్టు ముందు, అందరూ చూస్తుండగా, మురుగుకాలవలో పడ్డాడు.

ఇంటికొచ్చి ఒళ్ళు కడుక్కుంటూనే తేల్చేశాడు. "నరసరాజుకి చెప్పేశాను. ఆడి రొయ్యల చెరువు కాడ కాపలాకి కుక్క కావాలంట. వచ్చే నెల చెరువులో రొయ్యపిల్ల వదిలే టయానికి బండి పంపుతాడు."

"అక్కడ రేయింబవళ్ళు గుంజకి కట్టేసి ఉంచుతారండి వాణ్ణి. మనిషి మొహం కూడా చూడడు," అంది హైమ.

"నన్ను మురుగులో పడేసినోడి మీద జాలి, నా మీద లేదు."

"అప్పటిదాకా నాకు వదిలేయండి. నేను నేర్పుతాను."

"నువ్వు? కుక్కకి? సరే, కానీ!"

అదీ సంగతి. చివరికి మాణిక్యమ్మగారు నా కొస వదిలేశారు. వదిలే ముందు గేదెకు చేసినట్టే నాకు పసుపు రాసి బొట్టు పెట్టారు. సుల్తాన్ నన్ను వాసన చూసి తుమ్మాడు.

మొదటి రోజుల్లో హైమ కూడా భర్త చేసిన పనే చేసింది. దూరంగా కుక్క కనపడగానే నన్ను అరచేతికి చుట్టి బిగించేది. అప్పటికి సుల్తాన్ ఆ కుక్కను చూసి కూడా ఉండడు. ముందు ఆమె గుండె అదిరేది, ఆ అదురు పిడికిట్లోకి, పిడికిట్లోంచి నాలోకి, నాలోంచి వాడి మెడలోకి పోయేది. ఇంకో కుక్క వస్తే మెడ బిగుస్తుంది, ఊపిరాడదు. తప్పంతా ఆ ఎదుటి కుక్కదే అనుకునేవాడు సుల్తాన్. మధ్యలో ఉన్న నాకు తెలుసు. నాకు నోరు లేదు.

ఒకరోజు కాలవగట్టు మీద హైమ చెప్పు తెగింది. నన్ను వదులుగా మోచేతికి తగిలించుకుని, వంగి, పిన్నీసుతో చెప్పు బాగు చేసుకుంటోంది. అవతలి గట్టు మీద డేవిడ్ మాస్టారూ పింకీ నడుస్తున్నారు. ఆమె చూడలేదు. సుల్తాన్ చూశాడు. చెవులు నిలబెట్టాడు. మెడ బిగుస్తుందని ఎదురుచూశాడు. బిగుసుకోలేదు. మధ్యలో కాలవ నీళ్ళు పారుతున్నాయి. వాడు కాసేపు చూసి, నేల మీద కూర్చున్నాడు.

తలెత్తిన హైమ కదలకుండా నిలబడిపోయింది. వాణ్ణి చూసింది, అవతలి గట్టు చూసింది, తన మోచేతికి వేలాడుతున్న నన్ను చూసింది.

మర్నాటి నుంచి ఆమె కొంగున వేయించిన ఎండుమెత్తళ్ళు ముడేసుకుని బయల్దేరేది. మాస్టారిని బతిమాలి అవతలి గట్టున నడిపించేది. సుల్తాన్ పింకీని చూసి, అరవకుండా మళ్ళీ హైమ వైపు తిరిగితే ఒక మెత్తడు. అరిస్తే కొట్టేది కాదు, తిట్టేది కాదు, ఇంకాస్త దూరం తీసుకెళ్ళేది.

"నీ చీర చేపల సంతలా కంపు కొడతందే," అనేవారు మాణిక్యమ్మగారు.

"మీ గేదె కంపుకంటే నయమేలెండి."

దూరం కొంచెం కొంచెంగా తగ్గింది. మధ్యలో నేర్చింది పాడయింది కూడా. ఒకరోజు వీధికుక్కలు మీదికొస్తే సుల్తాన్ మళ్ళీ పాత సుల్తాన్ అయిపోయాడు. ఆ పూట హైమ వంటింట్లో నన్ను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. మర్నాడు మళ్ళీ బయల్దేరింది.

నరసరాజు బండి వస్తానన్న రోజు పొద్దున్నే ప్రకాశరావు కూడా వెంట వచ్చాడు. "ఆకరి నడక కదా," అన్నాడు. కాలవ మీది సన్నటి చెక్కవంతెన సగం దాటాం. ఎదురుగా, మలుపు తిరిగి, మాస్టారూ పింకీ వంతెన ఎక్కేశారు. తప్పుకునే చోటు లేదు.

"లాగవే! బిగించి పట్టుకో!" అని అరిచాడు ప్రకాశరావు.

సుల్తాన్ ఒళ్ళు వణికింది. ఆ వణుకు నాలో పోగుపోగుకీ తెలిసింది. రెండో కొసన హైమ పిడికిలి బిగుసుకోబోయింది. ఆగింది. ఆమె ఒక్కో వేలూ సడలించింది. నేను కిందికి వేలాడి దాదాపు చెక్కల్ని తాకాను. సుల్తాన్ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "భౌ" అన్నాడు. తర్వాత తల తిప్పి హైమ మొహంలోకి చూశాడు. ఆమె కొంగు ముడి విప్పింది. పింకీ వాడి పొట్ట పక్కనుంచి, ఏదో గోడ పక్కనుంచి పోయినట్టు, వెళ్ళిపోయింది.

"అబ్బో, మనోడు పెద్దమనిషైపోయాడండి!" అన్నారు మాస్టారు.

ప్రకాశరావు ఇంటిదాకా మా వెనకాలే నడిచాడు.

అందరూ టిఫిన్ దగ్గర కూర్చున్నారు. హైమ ఇడ్లీలు వడ్డించింది, చట్నీ వేసింది. సుల్తాన్ గుమ్మంలో పడుకున్నాడు, నేను ఇంకా వాడి మెడలోనే ఉన్నాను. వీధిలో బండి హారన్ వినబడింది. ప్రకాశరావు భార్య వైపు చూశాడు. ఆమె గిన్నె కింద పెట్టి, గొంతు పెంచకుండా చెప్పింది.

"నరసరాజుగారి కుర్రోళ్ళకి టిఫిన్ పెట్టి పంపించేయండి. సుల్తాన్ ఎల్లడు. వాడికి ఇంకా సగమే వచ్చింది, మిగతా సగం నేర్పాలి. అందుకని రేపట్నుంచి పొద్దున్న నేను కాలవగట్టు మీద ఉంటాను. పిండి ఫ్రిజ్‌లో ఉంటాది. ఇడ్లీ ఎవరేత్తారో మీరే తేల్చుకోండి."