నీలం కారుకు ఎర్ర దుప్పటి

మా సేటుకు ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు ఉండేది. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు ఆయన మద్రాసు నుంచి ఒక కారు తెప్పించాడు. మంత్రుల దగ్గరికి బస్సులో పోతే మర్యాద ఉండదని ఆయన ఉద్దేశం. లేత నీలం రంగు కారు. డ్రైవరును నేను. ఆ రంగు కారు ఆదోనిలో ఇంకొకటి లేదు కాబట్టి నాకు కళ్ళు నెత్తికెక్కాయి. దారిలో ఎవరైనా "దేవేంద్రప్పా" అని పిలిస్తే వినపడనట్టు పోయేవాణ్ణి.

ఆ పొగరు రెండు వేసవులకు దిగింది. మిల్లులో పత్తి బేళ్ళకు రేకుల షెడ్డు ఉంది గానీ కారుకు లేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలో నిలబడాల్సిందే. పైన ఎండ, కింద ఇంజను వేడి, మొదట బానెట్టు పాలిపోయింది. తర్వాత పైకప్పు. వేలితో రుద్దితే సున్నంలాంటి పొడి అంటుకునేది. బావి నీళ్ళతో కడిగితే ఉప్పు మచ్చలు కట్టేవి. మెరుస్తుందని శనగనూనె రాశాను. మిల్లులో ఎగిరే దూదీ దుమ్మూ అంతా వచ్చి దానికే అతుక్కుంది. దాన్ని తుడవబోతే గీతలు పడ్డాయి. పాడుచేస్తున్నది నేనేనని ఎవరన్నా అంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

బళ్ళారిలో కార్లకు రంగు వేసే మేస్త్రీ చూసి నవ్వాడు.

"నూనె కాదప్పా, మైనం రుద్దు. ఎండ తగలకుండా మందం గుడ్డ కప్పు. పోయిన రంగు రాదు. ఉండేదన్నా నిలుస్తాది" అన్నాడు.

గుడ్డంటే నాకు ఎమ్మిగనూరే. మా అక్క జయమ్మ అక్కడ మగ్గం నేసేది. బావ దుర్గప్ప మా సేటు వియ్యంకుడి అద్దకం కొట్టంలో నూలుకు రంగులు వేసేవాడు. కొట్టంలోని పెద్ద మేస్త్రీకి చూపు తగ్గింది. దసరా నుంచి ఆ స్థానం దుర్గప్పదేనని అందరూ అనుకుంటున్నారు. దాని కోసం బావ పదకొండేళ్ళు ఎదురుచూశాడు. ఆయన పైకి ఏమీ అనేవాడు కాదు గానీ, అక్క మాత్రం వీధంతా చెప్పుకుని మురిసిపోతోంది.

అక్క మందంగా, దుప్పటి మాదిరి నాలుగు పట్టాలు నేసి ఒకటిగా కుట్టింది. తెల్లగా, చూడముచ్చటగా ఉంది. తీసుకుపోతానంటే అక్క అడ్డం పడింది.

"తెల్లగుడ్డ కప్పొద్దు తమ్ముడా. కొత్త తెల్లగుడ్డ నిండుగా కప్పేది పీనుగకు."

నిజమే. సేటు భార్య చూస్తే ఇంకేమన్నా ఉందా.

"అయితే ఎర్రగా అద్దిచ్చు" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

బావ అద్దాడు. "ఎరుపు మొండిది దేవేంద్రప్పా. మూడు దినాలు జాడియ్యల్ల, నీడన ఆరబెట్టల్ల. నీళ్ళు తెల్లగా దిగేదాంకా ముట్టొద్దు" అని గట్టిగా చెప్పాడు.

అది శ్రావణం. సోమవారం సేటు కుటుంబాన్ని ఉరుకుంద ఈరన్న జాతరకు తీసుకుపోవాలి. అక్కడ కారు పొద్దంతా ఎండలో ఉంటుంది. ఆదివారమే ఎమ్మిగనూరుకు పోయాను. అక్క సంతకు పోయింది. బావ ఒక్కడే ఉన్నాడు. దుప్పటి ఇంకా ఒక్క జాడింపే అయ్యి దండెం మీద ఆరుతోంది.

"ఇంగ రెండు దినాలు ఆగు" అన్నాడు బావ.

"ఎండకు కప్పేదానికే గదా బావా, ఏట్లో ముంచేదానికా" అని నవ్వుతూ దండెం మీంచి లాగి చంకన పెట్టుకున్నాను. పెళ్ళాం తమ్ముడితో పెనుగులాడడం ఆయనకు చేతకాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే లాగాను.

ఉరుకుందలో బస్సులూ బండ్లూ కిటకిటలాడుతున్నాయి. చేను గట్టున కారు ఆపి దుప్పటి కప్పాను. జనం ఆగి ఆగి చూశారు. మధ్యాహ్నం నేను అన్నదానం దగ్గర కూర్చుని ఉండగా జల్లు పడింది. అరగంట బాగా దంచి, వెంటనే చుర్రున ఎండ కాసింది. సేటు, ఆయన భార్య దర్శనం చేసుకుని వచ్చేసరికి పరుగున పోయి దుప్పటి తీశాను.

నీలం మీద ఎర్రటి చారలు. రంగు బాగున్న చోట తుడిస్తే కొంత పోయింది. ఎండకు పొడిబారిన బానెట్టు, పైకప్పు మాత్రం ఎరుపును పీల్చేసుకున్నాయి. నా కండువా తడిపి రుద్దాను. ఇంకా పాకింది. పుణ్యానికి వచ్చి ఈ నెత్తురు మరకలేమిటని సేటు భార్య వెనక్కి జరిగింది.

సేటు అరవలేదు. "ఎవరు చేసిన పని ఇది?" అన్నాడు మెల్లగా.

ఉద్యోగం పోయిందనుకున్నాను.

"మా బావ అద్దినాడు సేట్. నిలవని కచ్చా రంగు ఏసినట్టుండాడు" అన్నాను.

నోరా వీపుకు తేకే అంటారు. నా నోరు దెబ్బలు తెచ్చింది నా వీపుకు కాదు.

మాట సేటు వియ్యంకుడి దాకా పోయింది. వారం తిరక్కుండానే కొట్టంలో పెద్ద మేస్త్రీ పని వేరే వాడికిచ్చారు. బావను రంగు తొట్ల దగ్గరికే రానివ్వలేదు, నూలు మూటలు మోయమన్నారు. ఆయన నాలుగు రోజులు మోసి, మానేసి, కౌతాళం పక్క కాలువ తవ్వకానికి కూలికి పోయాడు. కారు బళ్ళారికి పోయి నల్లరంగు వేసుకుని వచ్చింది. దాన్నీ నేనే నడిపాను.

సేటుకు నిజం చెప్పాలని రోజూ అనుకునేవాణ్ణి. కర్నూలు దారిలో ఆయన వెనక సీట్లో ఒంటరిగా ఉండేవాడు, చెప్పడానికి అంతకన్నా మంచి అదను ఉండదు. దసరా పోయింది, ఉగాది పోయింది. చెప్పలేదు. భయం అని చెప్పుకునేవాణ్ణి గానీ, అది భయం కూడా కాదు. పిరికివాడికైనా ఒక రోజు ధైర్యం వస్తుంది. నాకు ఉద్యోగం తీపి.

ఉగాది దాటాక ఒకనాడు సిగ్గు చంపుకుని ఎమ్మిగనూరుకు పోయాను. బావ కాలువ పని నుంచి వచ్చి ఇంటి ముందర పార కడుక్కుంటున్నాడు. అక్క లోపల పొయ్యి దగ్గర ఉంది.

"రేపే సేటుకు సెప్తా బావా. దుప్పటి నేనే తొందరపడి లాక్కపోయినానని సెప్తా."

బావ పార పక్కన పెట్టాడు. "వద్దప్పా. అప్పుడే నన్ను పిలిపించి అడిగినారు. అవును, కచ్చా రంగే ఏసినా అని సెప్పినాను."

"ఎందుకట్లా సెప్పినావు బావా?" అన్నాను.

"కాదంటే నీ పని పోతాది గదా. మీ అక్కకూ అట్లే సెప్పినా. అది దినామూ తిడతాది. తిట్టనీ. మొగుణ్ణి తిట్టేది రేపటికి మర్సిపోతాది. దానికుండేది నువ్వొక తమ్మునివి. నీ మీద మనసు ఇరిగితే మల్ల అతకదు."

అక్క పిలిస్తే లోపలికి పోయి పక్కపక్కనే కూర్చున్నాం. జొన్న సంగటి వడ్డించి అక్క నా ఎదుట కూర్చుంది. మొగుడి వైపు చూడను కూడా చూడలేదు.

"ఈయన సేతగానితనానికి సేటు ముందర నీకెంత తలవంపులైందో నాకు తెలుసు తమ్ముడా. ముఖం సూపించలేక నేనే ఆదోనికి రాలేదు. మనసులో పెట్టుకోవద్దు నాయనా" అని చేతులు జోడించింది.

చెప్పేయాలని నోరు తెరిచాను. బావ తల వంచుకునే, వద్దన్నట్టు కొంచెం ఆడించాడు.

"పోనీలే అక్కా, అయిందేదో అయింది" అన్నాను.

పెద్ద మనసుతో క్షమించినవాడిలా అన్నాను. అక్క కళ్ళు తుడుచుకుని, ముంతలో ఉన్న కాస్త నెయ్యీ నా సంగటి మీదే పోసింది.