మధ్యాహ్నం పంపే చుక్క

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఏమిటంటే, మహేందర్ ఆఫీసుకు వెళ్లాక నేను వంటింట్లో కళ్లు తిరిగి పడిపోతే సాయంత్రం దాకా ఎవరికీ తెలియదు. పాప పాకుతూ నా దగ్గరికి వస్తుంది. చెంప మీద కొట్టి చూస్తుంది. పాల కోసం నైటీ గుండీలు లాగుతుంది. నేను లేవకపోతే బాత్రూం వైపు పోతుంది. అందుకే మా ఇంట్లో బకెట్లన్నీ బోర్లించే ఉంటాయి. బియ్యం కడిగేటప్పుడు కూడా ఒక చేత్తో గట్టు పట్టుకునే నిలబడతాను.

ఈ మాట ఒకసారి మహేందర్‌కు చెప్పాను. “మంచిగ తిను, గప్పుడు కండ్లు తిరగవు,” అన్నాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా. మా అత్త సత్తెమ్మకు ఊళ్లో ఆ సంగతి ఎట్లా చేరిందో, మర్నాడే ఫోన్ చేసింది. “మేం ఐదుగురిని కనలేదా? పొలం కాడ తొట్టెల కట్టి నాట్లేసినం. మాకు రాలేదేంది బిడ్డా గీ భయాలు?” అంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆమెకు పొలం నిండా మనుషులు. పడితే లేపడానికి పక్క సాలులోనే ఇంకో ఆడమనిషి. నాకు ఎల్బీనగర్‌లో మూడో అంతస్తు, మూసిన తలుపు, కింద హైవే మీద ఆగని హారన్లు. ఎదురింటి వాళ్ల పేరు కూడా నాకు తెలియదు.

నా భయం నేను చెప్పకముందే తెలిసిన మనిషి సూర్యప్రభ అక్క ఒక్కతే.

డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్లి చేసి నన్ను చదువు మాన్పించారు. పాప పుట్టాక, ఇంట్లో కూర్చుని చేసుకునే పని ఏదైనా దొరుకుతుందని దిల్‌సుఖ్‌నగర్‌లో ఆదివారం కంప్యూటర్ క్లాసులో చేరాను. మెట్రో దిగి, చెప్పుల షాపు పక్క సందులో, జిరాక్స్ సెంటర్ మీద ఒక గది. ఆ కాసేపు పాపను మహేందర్ చూసుకుంటాడు, చూసుకున్నానని వారమంతా గుర్తు చేస్తాడు. సూర్యప్రభ అక్క హయత్‌నగర్ నుంచి బిడ్డను చంకనేసుకునే వచ్చేది. ఆమె భర్త బాల్‌రాజ్ లారీ మీద పోతే వారానికో పదిరోజులకో తిరిగొస్తాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అతనితోనే పోతుంది. తమ్ముడిచ్చిన పాత లాప్‌టాప్, పై వాటా వాళ్ల వైఫై, ఇవే ఆమెకు మిగిలేవి.

మా మేడమ్ విజయదుర్గ గారిది గుంటూరు వైపు. మొదటి క్లాసులోనే చెప్పారు: “ఏమ్మా, కంపెనీల్లో ప్రోగ్రాం ఒక్కళ్లే రాయరు. అందరి ఫైళ్లూ ఒకచోట ఉంటాయి. అక్కణ్ణించి మీక్కావాల్సింది మీ ముందుకు తెచ్చుకోవటాన్ని చెకౌట్ అంటారు. ఆ మాట పక్కన డాష్ పెట్టి ఏ అక్షరం వేస్తున్నారో చూసుకుని కొట్టండి. చెయ్యి జారిందా, ఇహ అంతే.” డాష్ బీ పెడితే అందరి మూలాన్నీ ముట్టుకోకుండా మన పేరుతో వేరే కొమ్మ, అంటే విడిగా మన సొంత కాపీ, వేసుకోవచ్చు. డాష్ పీ పెడితే మనం చేసిన మార్పుల్ని ఒక్కో ముక్కా చూపించి, ఇది తీసేయమంటావా, దీన్ని ఉంచమంటావా అని అడుగుతుంది. డాష్ ఎఫ్ ఏదీ అడగదు. మనం రాసి ఇంకా భద్రపరచనిది ఏమున్నా తుడిచేసి పాతది తెచ్చి పెడుతుంది. నేను నోట్సు రాసుకోవడం ఆపేసి ఆ డాష్ పీ దగ్గరే ఆగిపోయాను. కాలేజీ ఉంచమంటావా, తీసేయమంటావా? నీ పేరు ముందు మీ నాన్న ఇంటిపేరు ఉంచమంటావా? ఒక్క ముక్కయినా చూపించి నన్నడిగిన వాళ్లు ఎవరా అని వెతుక్కుంటూ కూర్చున్నాను. మేడమ్ తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయారు.

కొన్ని వారాల తర్వాత క్లాసు మెట్ల మీద సూర్యప్రభ అక్క బిడ్డకు పాలిస్తూ, ఉన్నట్టుండి అడిగింది. “నీగ్గూడ ఒస్తదా ప్రణతీ, ఇంట్ల ఒక్కదానివే పడిపోతవేమోనని?”

తల ఊపాను.

“నేనైతే పగటిపూట లోపల గడియ పెట్టనే పెట్టను. పడ్డననుకో, ఎవరన్న లోపలికి రావాలె గద.”

“దొంగలొస్తే ఎట్లక్కా?”

“రానీ. వాడన్న లేపి ఇన్ని నీళ్లు తాపుతడు.”

ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వుతుంటే ఇద్దరికీ కళ్లలో నీళ్లొచ్చాయి. అక్కడే ఒప్పందం చేసుకున్నాం. మా ఇద్దరికీ కలిపి ఇచ్చిన ప్రాజెక్టులో చెరొక కొమ్మ ఉంది. రోజూ మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక ఎవరి కొమ్మలో వాళ్లు ఏదో ఒకటి రాసి పంపాలి. ఏమీ తోచకపోతే ఒక చుక్క పెట్టి పంపాలి. రెండోవాళ్లు దాన్ని చెకౌట్ చేసి చూడాలి. చుక్క వచ్చిందంటే మనిషి లేచి తిరుగుతున్నట్టు. అక్క దగ్గర ఫోన్ ఉండదు, ఉన్న రోజు మాట్లాడినా ఇంట్లో అడుగుతారు. చదువుకుంటున్నామంటే ఎవరూ తెర వైపు తొంగి చూడరు.

ఆమె చుక్కల పక్కన చిన్న మాటలుండేవి. “టమాట చారు చేసిన. ఇంకేం చెయ్యలె.” “బిడ్డకు పన్ను మొలిచింది, నన్నే కొరికింది.” పాప పడుకోగానే నేను అన్నం కూడా పెట్టుకోకుండా ముందు ఆ మాట తెచ్చుకునేదాన్ని. రోజు మొత్తం మీద నన్ను ఏ పనీ చెప్పకుండా పలకరించే మాట అదొక్కటే.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, పిల్లల టీకాల తేదీలు గుర్తుచేసే పేజీ రాస్తున్నాను. సగంలో పాప ఏడిస్తే భద్రపరచకుండా లేచాను. స్నానం చేయించి వచ్చేసరికి లాప్‌టాప్ మహేందర్ ఒళ్లో ఉంది. నా పేజీ లేదు.

“ఏదో ఎర్రగ అడ్డమొచ్చింది. డాష్ ఎఫ్ కొట్టిన,” అన్నాడు. అతనిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే, ఏం చేశాడో అతనికి తెలుసు.

“అది నేను రాసింది.”

“ఏంది గిప్పుడు, ఆఫీసు పనా అది? మల్ల రాసుకో. ఇంట్లనే ఉంటవ్ గదా.”

క్లాసులో మేడమ్‌ను అడిగితే ఆవిడ జాలిగా చూశారు. “భద్రపరచంది పోతే రాదమ్మా. అదొకటి ఉండేదని కూడా దానికి తెలీదు.” ఇంటికొచ్చి అంట్లు తోముతుంటే ఆ మాటే చెవుల్లో మోగింది. మర్నాడు మధ్యాహ్నం చుక్క పక్కన జరిగిందంతా ఏడుస్తూ రాసి పంపాను. ఆ మరుసటి మధ్యాహ్నం సూర్యప్రభ అక్క కొమ్మలో నా పేజీ మొత్తం ఉంది. అంతకుముందు క్లాసులో నేను కాగితం మీద గీసి చూపించింది గుర్తుపెట్టుకుని, జ్వరంతో ఉన్న బిడ్డను భుజానేసుకుని, మళ్లీ మొదటినుంచీ రాసింది. పక్కన ఒక మాట: “రెండు డాష్‌లు పెట్టి గా ఒక్క ఫైలే తీస్కో. నా మిగిలిన తప్పులు నీకెందుకు.” అట్లాగే తెచ్చుకున్నాను. నా కోసం ఎవరైనా నా పని చేసిపెట్టడం పెళ్లయ్యాక అదే మొదలు.

ఈ మంగళవారం చుక్క రాలేదు. వైఫై పోయి ఉంటుందనుకున్నాను. బుధవారం కూడా రాలేదు. కొమ్మ తెచ్చి చూస్తే అదే పాత మాట కనిపించింది: “తల తిప్పుతున్నది. పండుకుంట.” సోమవారం అది చదివి నేనూ ఒక చుక్క పంపి ఊరుకున్నాను. ఈ రోజు పొద్దున, క్లాసులో అక్క రాయించిన బాల్‌రాజ్ నంబరుకు చేశాను.

“ఎవరు? ఏం పని?”

“క్లాసులో ఫ్రెండునన్నా. అక్క ఎట్లుంది?”

“నేను లోడు మీదున్న. ఇంట్లనే ఉంటది. ఏడికి పోతది?”

“మీరు ఆమెతోని ఎప్పుడు మాట్లాడిన్రు?”

అవతల లారీ హారన్ మోగింది. “ఫోన్ నాతోని ఉంటె ఎట్ల మాట్లాడ్త?” అని పెట్టేశాడు.

మహేందర్‌కు చేశాను. మీటింగ్‌లో ఉన్నానన్నాడు. చెప్పాను. “గింత దానికి పరేషాన్ ఎందుకే? నెట్ పోయుంటది. ఆదివారం క్లాసుకు ఒస్తే తెలుస్తది.” నేను పోయి చూసొస్తానన్నాను. “ఎండల పాపనేసుకోని హయత్‌నగర్ దాకా? నీకేమన్న దిమాక్ ఉందా? సాయంత్రం చూద్దాం తియ్.”

సాయంత్రం. నా భయంలో కూడా ఎప్పుడూ సాయంత్రమే ఉంటుంది. సాయంత్రం దాకా ఎవరికీ తెలియదు.

కుక్కర్ కింద మంట ఆపేశాను. పాపకు టోపీ పెట్టి చంకనేసుకున్నాను. బయల్దేరేముందు లాప్‌టాప్ తెరిచి నా కొమ్మలో చుక్క పెట్టి, పక్కన “నేను వస్తున్నా అక్కా” అని రాసి, భద్రపరిచి పంపాను. మహేందర్‌కు మాత్రం ఏమీ పంపలేదు. తాళం వేసి మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. తీయలేదు.

ఇప్పుడు హైవే మీద బస్సులో ఉన్నాను. ముందెక్కడో లారీ అడ్డం తిరిగిందట, అరగంటగా కదలడం లేదు. పాప నా భుజం మీద పడుకుంది. ఒంటిచేత్తో ఫోన్లో ఇదంతా రాసి, నాకు తెలిసిన అన్ని గ్రూపుల్లోనూ పెడుతున్నాను. మీలో ఎవరైనా హయత్‌నగర్‌లో ఉంటే, నాకంటే ముందు చేరగలిగితే, దయచేసి ఒక్కసారి వెళ్లండి. అక్క చెప్పిన గుర్తులివి: బస్ డిపో వెనక రెండో గల్లీ, నీలం గేటు, మెట్ల కింద గది. పేరు సూర్యప్రభ. బిడ్డ ఏడుపు వినిపిస్తే పిలుస్తూ నిలబడకండి. వినిపించకపోతే అసలే నిలబడకండి. తలుపుకు లోపల గడియ ఉండదు, నెట్టండి.