చిలక కంటే ముందు నేను కొరికినవి

నాకు పక్షులంటే ప్రాణమని మా వీధిలో అందరూ అనుకుంటారు. ఆ మాట ఎవరు పుట్టించారో తెలిస్తే వాళ్ళని కూర్చోబెట్టి నాలుగు అడగాలని ఉంది. పొద్దున కళ్ళాపి చల్లింది మొదలు ఆఖరి గిన్నె బోర్లించేదాకా నడుం ఎత్తని కోడలికి ఇష్టాలుండవు, పనులుంటాయి. చిలక నా పనుల్లో ఒకటి.

అది మా మామగారిది. మల్లేశ్వరరావుగారంటే ఏలూరు పవరుపేటలో కిరాణా కొట్టు పెట్టి, ఎవరి చేతా మాట పడకుండా నడిపించిన మనిషి. కొట్లో ఆయన కూర్చునే చోటికి పైన పంజరం వేలాడేది. ఎవరు మెట్టెక్కినా చిలక "ఎవరండీ?" అనేది. దానికి వచ్చింది ఆ ఒక్క మాటే. బేరం చేయడం తనకంటే దానికే బాగా తెలుసని ఆయన దానికి శెట్టి అని పేరు పెట్టారు.

కొత్త పైసలు వచ్చిన ఏడాది ఆయన చూపు పోయింది. నీటికాసులన్నారు డాక్టరుగారు. కొట్టు మా ఆయన చేతికొచ్చింది. మామగారూ, ఆయన చిలకా ఇంటి వసారాలోకి వచ్చేశారు.

చూపు లేనివాళ్ళకి పెద్ద కష్టం ఏమిటో ఆయన్ని చూశాకే నాకు తెలిసింది. తన ఇంట్లో తన మనుషుల్నే, అడుగుల చప్పుడు వినిపించిన ప్రతిసారీ ఎవరది అని అడగవలసి రావడం. మామగారికి అది తల కొట్టేసినట్టుండేది. అందుకని ఆయన అడిగేవారు కాదు. ఆయన బదులు శెట్టి అడిగేది. "నేనండీ, రత్నమాలని" అని నేను చిలక్కి జవాబు చెప్పేదాన్ని. ఆయన విననట్టు కూర్చుని వినేవారు. ఇంట్లో ఎవరూ ఈ సంగతి పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు.

వసారాలోకి వచ్చిన కొన్నాళ్ళకే శెట్టి తన ఈకలు తనే పీక్కోవడం మొదలెట్టింది. రొమ్మంతా బోడిగా, ఎర్రగా అయిపోయింది. అరుపులు సరేసరి. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మా ఆయన చెవులు మూసుకుని, "దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం, లేకపోతే వదిలేద్దాం" అన్నారు. రెక్కలు కత్తిరించిన చిలకని వదిలితే గోడ దాటేలోపు కాకులు పొడిచి చంపుతాయి. మామగారు కండువా అంచులో దారాలు ఒక్కొక్కటే లాగుతూ కూర్చున్నారు. పైన అది ఈకలు పీకుతోంది, కింద ఈయన దారాలు పీకుతున్నారు. ఇద్దరికీ పని లేదు, అదీ రోగం.

మా ఆయనతో, "దాని సంగతి నేను చూస్తానులెండి" అనేశాను. జాలిపడి కాదు. చిలక పోతే ఆ "ఎవరండీ" మామగారి నోటి నుంచి వినాలి. వినే ఓపిక నాకు లేదు.

దానికేదో ఆడుకునేది ఇస్తే ఈకల జోలికి పోదనుకున్నాను. ముందు పిల్లల పాత గజ్జెల్లోంచి ఒక మువ్వ తీసి కట్టాను. పూట గడవకుండానే మువ్వ చీలికలో గోరు ఇరుక్కుని గిలగిలా కొట్టుకుంది. నూనె పోసి విడిపించేసరికి నా వేలు కొరికి పెట్టింది. గోనెసంచి పురికొస కట్టాను. పీచు కాలికి చుట్టుకుంది. వనస్పతి డబ్బా మూత కడదామనుకుంటే దాని అంచుకి నా చెయ్యే తెగింది. మా అబ్బాయి రంగుల బొంగరం ఇస్తే ముక్కుకి పచ్చరంగు అంటుకుంది. అది దాని కడుపులోకి పోతే ఏమవుతుందోనని లాగేసుకున్నాను. ఒక చిలక్కి ఆటవస్తువు వెతకడం ఇంత చాకిరీ అని తెలిస్తే ఆ రోజు నోరు మూసుకునేదాన్ని.

చివరికి మామగారినే అడిగాను. ఆయన ఎన్నాళ్ళకో కాస్త నవ్వారు.

"కొట్లో నోట్లోకి పోయే సరుకు ఏదైనా నేను నమిలి చూడందే అమ్మలేదమ్మా. నోట్లోకి పోకూడనివి కొన్ని ఉంటాయి. మైలుతుత్తం, గంధకం, సింధూరం, అలాంటివి. వాటికి వేరే అర, వేరే త్రాసు. తూచాక చేతులు కడుక్కోవాల్సిందే. నీ చిలక్కీ అదే లెక్క. నువ్వు నమలగలిగిందే దానికియ్యి."

కొట్లో ఎలాగో ఇంట్లోనూ అంతే ఆయన. నుదుట గంధం తప్ప ఇంకేమీ పెట్టుకోరు. అత్తగారు గుడి నుంచి సింధూరం తెస్తే చెయ్యి అడ్డం పెట్టేవారు. "దాన్ని తూచేవాణ్ణి, నాకొద్దే" అనేవారు. ఆవిడకి అదొక తీరని లోటు.

సరే, నమలడం మొదలెట్టాను. పనులయ్యాక పెరట్లో కూర్చుని వేపపుల్ల, తాటాకు, కొబ్బరిచిప్ప ముక్క, గింజలు వలిచిన మొక్కజొన్న కండె, రంగు లేని దారపు రీలు, అన్నీ కొరికి చూసేదాన్ని. పెచ్చు లేచేది, పదునుగా విరిగేది, నాలుకకి రుచి తగిలేది పక్కన పారేసేదాన్ని. ఒక రోజు అత్తగారు, వెంకటనరసమ్మగారు, తాటాకు నా నోట్లో ఉండగా వచ్చి నిలబడ్డారు.

"ఏమ్మా, మళ్ళీ ఏమన్నా విశేషమా? ఆకులూ అలములూ నములుతున్నావు."

"చిలక్కండీ" అన్నాను.

"చిలక్కయితే నువ్వు నమలడమేమిటి?" అని ఆవిడ బుగ్గ నొక్కుకున్నారు. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. పక్షులంటే ప్రాణమనే పేరు నాకు అప్పుడే వచ్చి ఉంటుంది.

అన్నిటికంటే పనికొచ్చిన బెండు మాత్రం పోలయ్య ఇచ్చాడు. పోలయ్యది కొల్లేటి లంక. సరుకులకి కాలవలో పడవ మీద వచ్చి మా ఇంటికి కూడా ఒకసారి తొంగి చూసి వెళ్తాడు. పంజరం చూసి, మళ్ళీ వచ్చినప్పుడు కట్టెడు జీలుగుబెండు తెచ్చి వసారాలో పెట్టాడు.

"వలలు తేలడానికి కట్టేదేనండి అమ్మగారూ. చేపలు కొరుకుతానే ఉంటాయండి, ఒక్కటీ చావలేదు. తర్వాత మేం పట్టి చంపుతామనుకోండి, అది వేరే సంగతండి."

బెండు కొరికి చూశాను. రుచీ లేదు, పచీ లేదు. పంటి కింద మెత్తగా నలిగింది. ముక్కలు కోసి పొట్టి పురి తాడుకి గుచ్చి కడితే శెట్టి వాటి మీద పడింది. రోజంతా కొరికి పిండి చేసేది. ఆ పిండి ఊడ్చేది ఎవరో చెప్పక్కర్లేదు. కానీ అరుపులు ఆగాయి. రొమ్ము మీద నూగు వచ్చింది, తర్వాత పచ్చటి ఈకలు వచ్చాయి. మామగారు కండువా దారాలు వదిలి, నేను కోసిన ముక్కలు తడిమి చూసి దండ గుచ్చి ఇవ్వడం మొదలెట్టారు. ఇన్నాళ్ళ చాకిరీకి ఫలితం కనపడిందని నాకు లోపల సంతోషంగానే ఉండేది.

చూసినవాళ్ళంతా ఎంత బాగుపడిందో అనేవారు. అత్తగారికి భయం పట్టుకుంది. ఇంతమంది కళ్ళు పడితే దిష్టి తగలదూ అని. ఆవిడ ప్రతి మంగళవారం ఆంజనేయస్వామి గుడికి వెళ్ళి, నూనెలో తడిపిన సింధూరం ఆకులో పెట్టి తెస్తారు. గడపకి, తిరగలికి, పిల్లల నుదుటికి, కొట్లో త్రాసుకి, అన్నిటికీ బొట్టు. ఈ ఇంట్లో బొట్టు లేని వస్తువేదీ లేదు కాబట్టి నేను బొట్లు చూడటం ఎప్పుడో మానేశాను.

మాఘమాసంలో శెట్టి జబ్బుపడింది. తల వాల్చేసేది. కర్ర మీద నిలబడలేక పంజరం అడుగున కూర్చునేది. జామపండు పెట్టినా ముట్టలేదు. అత్తగారు పంజరం ముందు నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"చెత్తంతా తెచ్చి కట్టావు గదమ్మా, అదేమన్నా మనిషా? నువ్వు నమిలితే సరిపోతుందా?"

నా ఒళ్ళు మండింది. కానీ భయం కూడా వేసింది. కట్టినవన్నీ విప్పి పళ్ళెంలో వేసి మామగారి ముందు పెట్టాను. "వీటిలో ఏది మావయ్యగారూ?" అన్నాను.

ఆయన ఒక్కొక్కటీ తీసి వేళ్ళతో తడిమారు. తాటాకు పక్కన పెట్టారు. రీలు పక్కన పెట్టారు. బెండుముక్క దగ్గర ఆగారు. దాని మీద జిడ్డు తగిలింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి రుద్దుకున్నారు. చాలాసేపు రుద్దుకున్నారు. నలభై ఏళ్ళు ఆ సరుకు తూచిన వేళ్ళవి. అప్పుడు నేనూ చూశాను, ఆయన వేళ్ళకి నారింజరంగు. అన్ని బెండుముక్కల మీదా అదే బొట్టు. బొట్టున్న చోటే చిలక కొరికింది.

"ఇవాళ మంగళవారమా?" అన్నారు.

"అవునండీ."

ఆయన ముఖం నల్లబడిపోయింది. "చిలక తలమీద చెయ్యి వెయ్యనివ్వదు కదమ్మా. అందుకని మీ అత్తయ్య ఈ ముక్కలకి సింధూరం పెట్టింది" అన్నారు. లోపల అత్తగారు హనుమంతుడికి మొక్కుకోవడం ఇద్దరికీ వినపడుతోంది. ఆయన గొంతు తగ్గించి, "చెప్పకమ్మా" అన్నారు. "అది బతకాలనే పెట్టింది. తన చేత్తోనే ఇలా అయిందని తెలిస్తే మళ్ళీ ఎవరి నుదుటా చెయ్యి పెట్టలేదు."

"మరి మాట నా మీదకి వస్తుందండీ" అన్నాను. నేను ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు.

"వస్తుంది" అన్నారు ఆయన. "నువ్వు తట్టుకోగలవు."

ఇంటి చాకిరీ తట్టుకోగలనని నాకిచ్చారు, పిల్లల్ని తట్టుకోగలనని ఇచ్చారు, ఇప్పుడు ఇది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున నేను వసారా ఊడ్వడానికి వచ్చేసరికి శెట్టి కాళ్ళు చాచి పడి ఉంది. చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాను. మామగారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. నా అడుగులు విన్నారు. చిలక అడుగుతుందని కాసేపు చూశారు. తర్వాత ఆయన గొంతే వినపడింది.

"ఎవరండీ?"

"నేనండీ" అన్నాను. పేరు చెప్పడానికి నోరు రాలేదు.

అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పారు. "మా కోడలు మంచికే చేసింది లెండి, కానీ దానికేం పెట్టాలో తెలియక చంపుకుంది." తాడేపల్లిగూడెంలో మా పుట్టింటిదాకా పాకింది ఆ మాట. మా అమ్మ అడిగితే కూడా "అవునమ్మా" అన్నాను.

ఉగాది వెళ్ళాక పోలయ్య బుట్టలో చిలకపిల్లని తెచ్చాడు. పడిపోయిన తాటిమాను తొర్రలో దొరికిందట. మామగారు దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని మళ్ళీ వెనక్కి ఇవ్వలేదు. అత్తగారు పాత పంజరం తోమించి వేలాడదీశారు.

"ఈసారి నువ్వేమీ కట్టకమ్మా. నేను చూసుకుంటాను" అన్నారు నాతో.

వచ్చిన మంగళవారం, కోసిన బెండుముక్కలు ఒళ్ళో పెట్టుకుని నేను వసారా గట్టు మీద కూర్చున్నాను. కట్టాలా వద్దా తేల్చుకోలేకపోతున్నాను. అత్తగారు గుడి నుంచి వచ్చారు. ఆకులో సింధూరం. నేరుగా పంజరం వైపు నడిచారు. ఇంక ఆగేది లేదు, చెప్పేస్తాను, ఏమైతే అదవుతుంది అనుకుని లేచాను.

"ఎవరండీ?" అన్నారు మామగారు, నాకంటే ముందు.

"నేనేనండీ. చిలక్కి బొట్టు పెడదామని."

"ఇలా రా. అది నాకు పెట్టు."

ఆవిడ ఆగిపోయారు. "మీరు పెట్టించుకోరు కదండీ."

"ఇవాళ్టి నుంచి పెట్టించుకుంటాను. దిష్టి తగిలేది నాకు, పంజరానికి కాదు. తెచ్చిందంతా పెట్టెయ్యి, ఆకులో మిగల్చకు." ఆయన నుదుటి మీది గంధం కండువాతో తుడిచేసుకుని ముఖం ఎత్తి పట్టుకున్నారు.

పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆయన ఆ మాట అన్నందుకు ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, కనుబొమల మధ్య నుంచి జుట్టుదాకా పెట్టారు. ఆయన కదలకుండా పెట్టించుకున్నారు.

"పంజరంలో ఏం కట్టాలో అమ్మాయికి తెలుసు" అన్నారు తర్వాత. "నువ్వు దానికి అడ్డం వెళ్ళకు. రత్నమాలా, కాసిని నీళ్ళు తే. మీ అత్తయ్య చెయ్యి కడుక్కోవాలి."

చెంబుతో నీళ్ళు తెచ్చాను. ఆవిడ వేళ్ళ మీద నారింజరంగు పోయేదాకా పోశాను. ఆవిడ ఆనందంలో ఉన్నారు, ఎందుకు కడిగిస్తున్నానో అడగలేదు. నా మీద పడ్డ మాట అలాగే ఉంది, ఎవరూ తియ్యలేదు. తీస్తారని నేనూ అనుకోవడం లేదు. గట్టు మీద కూర్చుని బెండుముక్క ఒకటి కొరికి చూసి, లేచి పంజరానికి కట్టాను.