పెద్దావిడ మీద నింద

రెమి గొట్టం నోట్లో పెట్టుకుని మళ్ళీ ఊదాడు. ముఖం కందగడ్డయింది. వంటింటి బల్ల మీది ఊపిరి కొలిచే యంత్రం మాత్రం నిన్నటికంటే తక్కువ అంకె చూపించింది. వారంగా ఇదే వరస.

"కాఫీ తాగి ఊదు," అంది భార్య గొడెలీవ్.

"ఊపిరికీ కాఫీకీ ఏం సంబంధమే?"

"ముసలి ఊపిరి కదా. కాఫీ పడందే లేవదేమో."

రెమికి యాభై ఎనిమిది. అతని ఊపిరితిత్తులకు డెబ్బై మూడు. ఆల్స్ట్ ఊళ్ళో సగంమంది మగాళ్ళలాగే అతనూ పందెం పావురాలు పెంచాడు. గూళ్ళు ఊడుస్తూ ఆ దుమ్మంతా పీల్చి, సొంత ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. రెండేళ్ళ కిందట ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది: ఊపిరితిత్తులు దొరికాయి, దాత వయసు డెబ్బై ఒకటి, ఒప్పుకుంటారా?

"పొగ తాగేవారా?" అన్నాడు రెమి.

"ఎప్పుడూ లేదు."

"అన్నేళ్ళు ఆగకుండా నడిచిన సరుకు. ఇంతకంటే హామీ ఏం కావాలి? పెట్టేయండి."

దాత ఎవరో ఆసుపత్రివాళ్ళు చెప్పరు. ఆడమనిషేనని రెమి తనకు తానే తీర్మానించుకున్నాడు. మెట్లెక్కేముందు "పద పెద్దావిడా" అనేవాడు. ఆవిడ ఏనాడూ మొరాయించలేదు, ఈ వారం దాకా.

ఆ ఉదయం బస్సు డిపోలో ఒక్క బస్సు కడిగేసరికే బ్రష్ మీద వాలిపోయాడు.

"ఏం రెమీ, అమ్మమ్మ అలిగిందా?" అన్నాడు పక్క బస్సు కడిగే మారిస్.

"నోర్ముయ్‌రా. ఆవిడ నీలా సిగరెట్లు పెట్టెలకి పెట్టెలు ఊదలేదు."

నవ్వబోతే దగ్గు వచ్చింది. మారిస్ అటు తిరగ్గానే రెమి చొక్కా చేతి మీంచి బూడిదరంగుది ఏదో ఏరి కాలవలో పారేశాడు.

మధ్యాహ్నం డాక్టర్ లంబ్రెక్ట్స్ స్కాన్ చూసి నుదురు రుద్దుకుంది. "ఇన్ఫెక్షన్ లేదు. కొత్త ఊపిరితిత్తుల్ని శరీరం తిప్పికొడుతున్న జాడా లేదు. ఇంట్లో పావురాలు లేవు కదా?"

"ఒక్కటీ లేదు. ఆపరేషన్‌కి ముందే అన్నీ అమ్మేశాం," అంది గొడెలీవ్.

"పెద్దవాళ్ళ ఊపిరితిత్తులైనా, పరీక్షించి తీసుకున్నవి చాలావరకు బాగానే పనిచేస్తాయి. కొన్ని మాత్రం తొందరగా అలిసిపోతాయి. ఇక వయసే కారణం అనుకోవాలి. మందులు గట్టివి ఇద్దాం. వాటికీ లొంగకపోతే..." డాక్టర్ స్కాన్ పక్కన పెట్టింది.

"నేనారోజే అన్నాను, ముసలి సరుకు వద్దని!" గొడెలీవ్ కళ్ళు తుడుచుకుంది.

రెమి చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది. రెండేళ్ళుగా తనని మోస్తున్న మనిషి. ఇప్పుడు ఆవిడ తరఫున మాట్లాడ్డానికి ఆవిడకి నోరు కూడా లేదు. తను నోరు విప్పితే మాత్రం అటక మీది కువకువ ఈ రాత్రికి ఉండదు.

"పెద్దావిడని ఏమీ అనకండి," అన్నాడు. "ఆవిడ తప్పేం లేదు."

"మరి ఎవరిది?" అంది డాక్టర్.

రెమి నేల చూపులు చూశాడు. "రోజెట్‌ది."

డాక్టర్ ఇబ్బందిగా గొడెలీవ్ వైపు చూసింది. గొడెలీవ్ అప్పటికే లేచి నిలబడింది.

"ఆ పావురమా! ఫ్రాన్స్‌లో ఎవడికో అమ్మావు కదయ్యా!"

"అమ్మాను. రెండు వారాల కిందట వాడు గూటి తలుపు తీశాడు. ఇల్లు వెతుక్కుంటూ వానలో తడిసి వచ్చింది, గొడెలీవ్. ఎలా పొమ్మంటాను? అటక మీద పెట్టాను."

"అందుకా రోజూ పొద్దున్నే అటక మీద పని!"

"అది ఇల్లు వదిలితే పెద్దావిడ కోలుకోవచ్చు," అంది డాక్టర్ నవ్వు ఆపుకుంటూ. "అటక మీరు ఊడవకూడదు."

గొడెలీవ్ మళ్ళీ కుర్చీలో కూర్చుంది. తర్వాత గొంతు తగ్గించి, "సాయంత్రం మా చెల్లెలింటికి పంపిద్దాం. వాళ్ళది తీగ జాలీ వేసిన గూడు. ఎగిరి రాదులే," అంది.

రెమి తలూపాడు. ఆమె అతని కాలర్ వెనక నుంచి చిన్న ఈక తీసి డాక్టర్ బల్ల మీద పెట్టింది. రెమి నిట్టూర్చాడు. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఈక అక్కడే ఉంది, ఆ నిట్టూర్పు తోసినంత దూరాన, బల్ల చివర.