తాబేలు దగ్గర నాలుగోవాడు

నర్సింలును మేము పిలవలేదు. భూషణం ఇంట్లో వెనుక గది ఏసీ చెడిపోతే, మెయింటెనెన్స్ వాళ్లు అతణ్ణి పంపారు. ఆ గదిలో పియర్ పండ్ల రసం పులుస్తోంది. అతను నిచ్చెన ఎక్కి, పని చేసి, దిగి, చేతులు తుడుచుకుని, "వాసన మంచిగుంది సార్" అని మాత్రం అని వెళ్లిపోయాడట.

ఆ ఒక్క మాటతో భూషణం మనశ్శాంతి పోయింది. గుట్టు తెలిసినవాణ్ణి బయట తిరగనివ్వడం కంటే లోపల కూర్చోబెట్టుకోవడం క్షేమమని మా ఇద్దరినీ ఒప్పించి, మరుసటి గురువారం అతణ్ణి రమ్మన్నాడు. ఆ విధంగా నర్సింలు మాలో నాలుగోవాడయ్యాడు. మేము అతణ్ణి రానిచ్చాం గాని నమ్మలేదు. ఆ తేడా అతనికి కనిపిస్తోందా అని అప్పట్లో నాకు తోచలేదు.

మాది రాస్ తనూరా పట్టణానికి కాస్త దూరంగా, కాంట్రాక్టు కంపెనీల ఉద్యోగులు ఉండే కాంపౌండు. ఈ అరబ్బు దేశంలో మద్యం దొరికితే జైలు, ఆ తరువాత ఫైనల్ ఎగ్జిట్ ముద్ర వేసి దేశం నుంచి పంపేస్తారు. అది తెలిసే మేము మూడు ఇళ్లను మూడు పబ్బులు చేసుకున్నాం. కాకినాడ వాడైన భూషణం కొన్నేళ్లు ఇంగ్లండు పడమటి జిల్లాల్లో పనిచేశాడు. అక్కడ సెలవు రోజుల్లో ఊరి నుంచి ఊరికి నడుస్తూ, ప్రతి ఊళ్లోనూ ఆ ఊరి పబ్బులో ఒక గ్లాసు తాగేవాడు. పీపాలో పోశాక కూడా పులుస్తూనే ఉండే బీరు, ఆపిల్ రసంతో సైడర్, పియర్ రసంతో పెర్రీ. "గ్యాసు ఎక్కించరండీ, వడగట్టి చంపరు. అది బతికే ఉంటుంది" అనేవాడు. పబ్బులకు అక్కడ జంతువుల పేర్లు పెడతారని తన ఇంటికి తాబేలు అని పేరు పెట్టాడు. పెర్రీ అక్కడ. సైడర్ కురియన్ ఇంట్లో. అతను కొట్టాయం వాడు. మాతో హిందీలో మాట్లాడేవాడు. మూడోది నా ఇల్లు, అనంతపురం రామాంజి ఇల్లు. దుకాణాల్లో దొరికే మత్తులేని బార్లీ పానీయానికి చక్కెర, ఈస్టు కలిపి నేను చేసేదాన్ని భూషణం గంజి అనేవాడు.

గురువారం పొద్దువాలగానే గ్లాసులు సంచిలో పెట్టుకుని ఒక ఇంటి నుంచి మరో ఇంటికి నడిచేవాళ్లం. ఎవరి ఇంట్లో ఉంటే వాళ్ల పానీయాన్ని తిట్టడం మా మర్యాద.

"ఎలా ఉందోయ్ నర్సింలూ, మా తాబేలు సరుకు?" అని మొదటిరోజు భూషణం అడిగాడు.

"ఈతకల్లుకు దగ్గరగుంది సార్. గని ఈతకల్లు కాదు."

"విన్నారా! ఇంగ్లండులో దీనికి బహుమతులిస్తారు. మీ జగిత్యాలలో మాత్రం ఫెయిల్."

"ఫెయిల్ గాదు సార్. జెర తక్కువ మార్కులు."

అందరం నవ్వాం. అతను కూడా నవ్వాడు. తరువాత మేము చూసింది ఇది: గ్లాసు చేతికి రాగానే, పెదవికి తాకించక ముందే, జేబులోంచి చిన్న ఖాళీ నీళ్ల సీసా తీసి, మొదటి గుక్క అందులోకి వంచి, మూత బిగించి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. మూత సందులోంచి గ్యాసు సన్నగా బుసకొట్టింది.

"అదేంటి?" అన్నాడు భూషణం.

"ఏం లేదు సార్. తర్వాత తాగుత."

కురియన్ ఇంట్లోనూ అదే చేశాడు. నా ఇంట్లోనూ అదే. తరువాతి గురువారమూ అదే. తాగేవాడు దాచుకుంటే కడపటి గుక్క దాచుకుంటాడు. మొదటి గుక్కను, ఎంగిలి కాకుండా, ఎందుకు దాస్తాడు?

"శాంపిల్" అన్నాడు కురియన్, అతను వెళ్లాక. ఆ మాట అన్నాక గదిలో మరో అర్థానికి చోటు లేకపోయింది. అంతవరకు మామూలుగా కనిపించిన పనులు కూడా దాని పక్కకు వచ్చి నిలబడ్డాయి. అతను ఫోను బయటికి వెళ్లి మాట్లాడతాడు. సెక్యూరిటీ గేటు దగ్గర పాకిస్తానీ గార్డుతో నిలబడి నవ్వుతాడు. నేనూ గేటు దగ్గర నవ్వుతాను. అయినా నా నవ్వు నాకు రుజువుగా కనిపించలేదు.

"ఆదివారం వాడి కాంట్రాక్టు పొడిగింపు నా బల్ల మీదికి వస్తుంది" అన్నాడు భూషణం. మెయింటెనెన్స్ విభాగం అతని కిందిదే. "అవసరం లేదని రాస్తాను. ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కొత్తది చేయరు. వాడి దారిన వాడు ఊరెళ్తాడు, మన దారిన మనం ఉంటాం."

"ఒకవేళ వేగు కాకపోతే?" అన్నాను.

"అయితే?"

తెలుసుకుని చెబుతాను, ఆదివారం దాకా ఆగమన్నాను. న్యాయం కోసమే అడిగానని అప్పుడు అనుకున్నాను. నా భయానికి ఒక ముఖం కావాలని అడిగానేమో, ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ గురువారం నా ఇంటి నుంచి నర్సింలు బయలుదేరగానే కొంత ఎడంగా నేనూ నడిచాను. ఎండ పోయింది గాని వెలుతురు పోలేదు. అతను గేటు వైపు వెళ్లలేదు. లేబర్ గదుల వైపూ వెళ్లలేదు. కాంపౌండు చివర నీళ్ల పంపుషెడ్డు ఉంది; దాని వెనక్కి తిరిగాడు. ఎవరికో సీసా అందిస్తాడని, ఆ మనిషి ముఖం చూడాలని గోడ మూల నుంచి తొంగిచూశాను.

ఎవరూ లేరు. సగానికి కోసిన ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి బోర్లించి ఉంది. అతను చెప్పులు విడిచి, దాన్ని ఎత్తి పక్కన పెట్టాడు. కింద చెయ్యంత రాయి. పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి ఉంది. సీసా మూత తీసి, రాయి ముందు ఇసుకలో సన్నని ధారగా పోశాడు. మూడు ఇళ్ల పానీయమూ ఒకే సీసాలో కలిసి, నురగై, ఇంకిపోయింది.

నా కాలి కింద కంకర కదిలింది. అతను డ్రమ్మును రాయి మీద పడేసి, దాని ముందు అడ్డంగా నిలబడ్డాడు.

"సార్."

"ఏంది నర్సింలూ ఇది?"

"ఏం లేదు సార్."

"చూసినాను."

నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు. తరువాత అతని గొంతు తగ్గింది. "పోచమ్మ సార్. మా దిక్కు కల్లు తాగేముందు తల్లికి సాక పోస్తం. పొయ్యకుంటె నాకు గొంతు దిగది."

"భూషణం సారింట్లోనే పోయొచ్చు కదా?"

"మీయి నున్నటి టైల్సు సార్. పోస్తే గుడ్డతోని తుడుస్తరు. తల్లికి పోసింది తుడుస్తె ఎట్ల?" అని, నా వైపు ఒక అడుగు వేశాడు. "సార్, ఎవ్వలకు చెప్పకుండ్రి. తాగుడంటె తాగుడు, గలీజు అలవాటంటరు. ఇదైతె వేరె, ఈ దేశంల బయట రాయి పెట్టి మొక్కినోన్ని ఏం జేస్తరో నాకెర్కలేదు. మీ కాల్మొక్త."

"నీ మీద వాళ్లకు అనుమానం. ఆ సీసా సంగతి చెబితే పోతుంది."

"అనుమానమే ఉండనియ్యుండ్రి సార్."

అనుమానం అతనికి తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. మేము ఇష్టంగా పిలవలేదని తెలిసీ, రానంటే ఇంకా అనుమానిస్తారని వచ్చాడు. మేము అతనికి భయపడి పిలిచాం. అతను మాకు భయపడి వచ్చాడు. ఇన్ని గురువారాలు అందరం కలిసి నవ్వినది ఆ భయం మీదే.

శుక్రవారం మధ్యాహ్నం భూషణం ఇంట్లో ముగ్గురం కూర్చున్నాం.

"వేగు కాదు" అన్నాను.

"మరి సీసా?"

"కారణముంది. చెప్పను."

భూషణం నవ్వాడు. "ఏవండీ రామాంజి గారూ, పీకల మీదికొచ్చిన వ్యవహారమిది. చెప్పనంటే ఎలాగండీ?"

"అది అతని విషయం. నేను చెప్పకూడదు."

"ఎవరితో చెప్పకూడదు? మాతోనా?" అన్నాడు కురియన్.

వాళ్లతోనే. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. దొరికిపోతామన్న భయంలో మనిషి ఎదుటివాడి రహస్యాన్ని ముందుగా బయట పెడతాడు, నేనైనా అంతే. ఆ మాట పైకి అనలేదు.

"మీరు చూశారు, మేము చూడలేదు. మమ్మల్ని నమ్మమంటారు" అన్నాడు భూషణం. "నేను మీ కోసం సంతకం పెడతాను, రేపు పోలీసులు నా తలుపు కొడతారు. అప్పుడు మీరు చెప్పని కారణం నాకు పనికొస్తుందా? క్షమించండి. ఆదివారం వాడి కాగితం వెనక్కి వెళ్తుంది."

అప్పుడు నేనన్న మాట ఆలోచించి అన్నది కాదు.

"అతని కాగితం వెనక్కి వెళ్తే, అదే రోజు నేను ఆఫీసుకెళ్లి నా ఇంట్లో ఏముందో చెబుతాను."

"మీ ఇంట్లోదా?"

"నా ఇంట్లోదే."

"మీ ఇంట్లోది చెబితే, తరువాత ఎవరి ఇల్లు అని అడగరా?" అన్నాడు కురియన్.

భూషణం నా ముఖం వైపు చూసిన చూపు నాకు కొత్తది కాదు. నర్సింలు జేబు వైపు అతను అలా చూడటం నేను గమనిస్తూనే ఉన్నాను. ఇన్నాళ్లూ మేము భయపడ్డ మనిషి, మా రహస్యాన్ని బయట పెట్టగలవాడు, ఆ గదిలో కూర్చునే ఉన్నాడు. అతను ఎవరో ముగ్గురికీ ఒకేసారి తెలిసింది.

"సరే" అన్నాడు భూషణం, లేచి. "సంతకం పెడతాను."

పెట్టాడు. నర్సింలుకు ఇకామా కొత్తగా వచ్చింది.

మరుసటి గురువారం సంచిలో గ్లాసు పెట్టుకుని తాబేలు తలుపు కొట్టాను. భూషణం ఎంతో మర్యాదగా లోపలికి పిలిచి, టీ పెట్టి ఇచ్చాడు. వెనుక గది తలుపు తీసి ఉంది. గది ఖాళీగా, కడిగి, సుగంధపు ధూపం వేసి ఉంది. "మానేశామండీ, ఈ వయసులో ఎందుకని" అన్నాడు. కురియన్ కూడా టీయే ఇచ్చాడు. వాళ్లు నిజంగా మానేశారో, నా కోసం మానేశారో నాకు తెలియదు. అడిగితే మానేశామనే చెబుతారు. నేను ఆ మాట నమ్మను. నేను నమ్మనని వాళ్లకూ తెలుసు.

నర్సింలు నా ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"కాగితం అయింది సార్. మీ దయ."

"నాదేం లేదు."

కాసేపు చెప్పుల వైపు చూశాడు. "సార్, భూషణం సార్ ఊకెనే సంతకం పెట్టిండా? మీరు ఆళ్లకు చెప్పిన్రా?"

"చెప్పలేదు నర్సింలూ."

"నిజంగ?"

"నిజంగా."

తల ఊపాడు. నమ్మినట్టే ఊపాడు. ఆ వారంలోనే, పంపుషెడ్డు వైపు నడుస్తూ వెళ్తే, డ్రమ్ము లేదు, రాయి లేదు. ఇసుక చదును చేసి ఉంది. ఎక్కడికి మార్చాడో నేను వెతకలేదు. వెతకలేదని అతనికి ఎలా చెప్పాలో తెలియలేదు.

తరువాత ఏసీ ఫిల్టర్లు కడగడానికి వచ్చినప్పుడు, పని ముగించి, నిచ్చెన భుజానికెత్తుకుని, తలుపు దగ్గర ఆగాడు.

"సార్, తప్పుగ అనుకోకుండ్రి" అన్నాడు. "ఎవ్వలకు చెప్పలేదు గద?"